అంత దగ్గర నుంచి కొట్టిన కిక్కు ఎలా తప్పుతుంది?

మీ ప్రశ్న చదివాను. మినియాపోలిస్‌కు ఈ మధ్యే వచ్చారు. ఆఫీసులో అమెరికన్ ఫుట్‌బాల్ మాట వస్తే చాలు, ఎప్పుడో 2016 జనవరిలో తప్పిపోయిన 27 గజాల కిక్కును తలచుకుని ఇంట్లో మనిషిని పోగొట్టుకున్నట్టు మాట్లాడుతున్నారట. ఎదురుగా గోల్‌కీపర్ లేడు, రెండు స్తంభాల మధ్య పద్దెనిమిదిన్నర అడుగుల ఖాళీ ఉంది, పెనాల్టీ కిక్కు కన్నా తేలిక కదా, ఆ పనికే జీతం తీసుకునే మనిషి ఎలా తప్పిస్తాడన్నది మీ మొదటి ప్రశ్న. తొమ్మిదో తరగతిలోకి వెళ్తున్న మీ అబ్బాయి స్కూలు జట్టులో కిక్కర్‌గా చేరతానంటున్నాడు, ఇంత భారం వాడి నెత్తిన పెట్టవచ్చా అన్నది రెండోది.

నా సంగతి ముందుగా చెప్పేస్తాను. నేను వరంగల్‌లో, ఆ తర్వాత యూనివర్సిటీ జట్టులో మన ఫుట్‌బాల్, అంటే ఇక్కడివాళ్ల సాకర్, ఆడినవాణ్ణి. ఉద్యోగం సాఫ్ట్‌వేర్‌లో. మా పెద్దవాడు ఇక్కడి హైస్కూలు జట్టుకు కిక్కర్ అయినప్పుడు బంతులు ఏరి ఇవ్వడానికి వెళ్లాను. వాడి చదువు పూర్తయి వెళ్లిపోయాడు కానీ నేను ఆ మైదానాన్ని వదల్లేదు. ఇప్పుడు ఆ స్కూలు కిక్కర్లకూ, వాళ్ల కోసం బంతి నిలబెట్టే పిల్లలకూ జీతం లేని శిక్షకుణ్ణి.

సూటిగా చెప్పాలంటే: దగ్గరి కిక్కు తప్పేది బలం చాలకపోవడం వల్ల కాదు, గురి రాకపోవడం వల్లా కాదు. బంతికి కాలు తగలక ముందు జరగవలసిన పనుల్లో ఏదో ఒకటి చెడి తప్పుతుంది. పైగా అది ఒక్కడి పని కాదు, ముగ్గురి పని. మొదలు నుంచి చివరి దాకా సుమారు 1.3 సెకన్లలో ముగిసిపోతుంది. ఇక మీ అబ్బాయిని నిశ్చింతగా చేర్చండి, ఒక్క షరతు మీద. అదేమిటో చివర్లో చెబుతాను.

ముందు ఆ 27 గజాల లెక్క చూద్దాం. గోలు స్తంభాలు 1974 నుంచి గోలు గీత మీద కాక, దానికి పది గజాల వెనక, మైదానం చివరి గీత మీద ఉంటున్నాయి. బంతి 9 గజాల గీత దగ్గర ఉందనుకోండి. కిక్కు కోసం దాన్ని ఎనిమిది గజాలు వెనక్కు విసురుతారు. తొమ్మిది, ఎనిమిది, పది కలిపితే 27. స్తంభాల మధ్య దూరం 18 అడుగుల 6 అంగుళాలు. నట్టనడుమ నిలబడి కొట్టినా, అటు ఇటు తప్పడానికి ఉన్న వెసులుబాటు ఒక్కో వైపు ఆరున్నర డిగ్రీలు. గోడ గడియారంలో పెద్ద ముల్లు ఒక నిమిషంలో జరిగేది ఆరు డిగ్రీలు, దానికి కాస్త ఎక్కువన్నమాట. దూరం 47 గజాలైతే ఆ వెసులుబాటు నాలుగు డిగ్రీలు కూడా ఉండదు. కాబట్టి దగ్గరి కిక్కు తేలికే, కాదనను. కానీ మీరనుకున్నంత తేలిక కాదు.

దీనికి మంచి సాక్ష్యం టచ్‌డౌన్ తర్వాత, అంటే బంతిని గోలు గీత దాటించాక, కొట్టే ఎక్స్‌ట్రా పాయింట్. ఒకప్పుడు అది ఇరవై గజాల లోపు కిక్కు, వందకు తొంభై తొమ్మిదికి పైగా లోపలికి వెళ్లేవి. చూసేవాళ్లు ఆ సమయంలో వంటింట్లోకి వెళ్లి వచ్చేవారు. అందుకే 2015లో ఎన్‌ఎఫ్‌ఎల్, అంటే వృత్తి జట్ల లీగ్, దాన్ని 33 గజాలకు జరిపింది. ఆ ఏడాదే అది 94 శాతం దగ్గరకు పడిపోయింది. అంటే గెలుపోటముల ఒత్తిడి పెద్దగా లేని ఆదివారం మధ్యాహ్నాల్లో, ప్రపంచంలోకెల్లా మంచి కిక్కర్లు 33 గజాల నుంచి కొట్టినా, ప్రతి ఇరవైలో కనీసం ఒకటి తప్పింది. అదే దూరం, ఓడితే ఇంటికే పోయే ప్లేఆఫ్‌లో, అరనిమిషం మిగిలి ఉండగా వస్తే దానికి "చిన్న కిక్కు" అని పేరు పెడతాం.

ఇప్పుడు ఆ 1.3 సెకన్లలోకి వెళ్దాం. అసలు విషయం అక్కడే ఉంది. స్నాపర్ నడుము వంచి, రెండు కాళ్ల మధ్య నుంచి తలకిందులుగా చూస్తూ బంతిని వెనక్కు విసురుతాడు. ఎనిమిది గజాల వెనక ఒక మోకాలు నేలకు ఆనించి కూర్చున్న హోల్డర్ దాన్ని రెండు చేతులా అందుకుంటాడు. కిక్కర్ ముందే బూటుతో చూపించిన చోట బంతి కింది మొన ఆనిస్తాడు. పై మొనను వేలితో నొక్కి పట్టి, రెండో చేత్తో బంతిని తిప్పి, దాని మీది లేసుల కుట్టు గోలు వైపుకు వచ్చేలా చూస్తాడు. మంచి స్నాపర్ అయితే, బంతి గాలిలో ఎన్ని చుట్లు తిరిగితే లేసులు సరైన వైపుకు వచ్చి హోల్డర్ చేతిలో పడతాయో లెక్క చూసుకునే విసురుతాడు. అప్పుడు తిప్పే పనే ఉండదు.

టీవీలో కనబడని సంగతి ఒకటుంది. బంతి నేలను తాకక ముందే కిక్కర్ బయలుదేరిపోతాడు. హోల్డర్ చేతుల్లో బంతి పడుతుండగానే మొదటి అడుగు పడుతుంది. అంటే ఇంకా అక్కడికి రాని బంతిని, వస్తుందన్న నమ్మకం మీద తన్నడానికి పరుగెత్తుతున్నాడు. కాసేపు ఆగి, బంతి కుదురుగా నిలిచిందని చూసుకుని కొడదామంటే, ఎదుటి పదకొండు మంది మీద పడతారు. సాకర్ పెనాల్టీతో పోల్చారు కదా, అక్కడ బంతిని మనమే చేత్తో పెట్టుకుంటాం, మనకిష్టమైన క్షణంలో బయలుదేరతాం. ఇక్కడ ఆ రెండూ లేవు.

హోల్డర్ చేతిలో ఆట ఎలా పోతుందో చూడాలంటే 2007 జనవరి 6న సియాటిల్‌లో జరిగిన డల్లాస్ కౌబాయ్స్ ఆట చూడండి. 21-20తో వెనకబడిన కౌబాయ్స్‌కు 19 గజాల కిక్కు దొరికింది. అంతకన్నా దగ్గరిది దొరకడం దాదాపు అసాధ్యం. కిక్కర్ మార్టిన్ గ్రమాటికా. బంతి పట్టింది జట్టు ప్రధాన క్వార్టర్‌బ్యాక్, అంటే ఆటను నడిపిస్తూ బంతి విసిరేవాడు, టోనీ రోమో. బంతి చక్కగానే వచ్చింది, నేల మీద పెట్టబోతుండగా చేతిలోంచి జారింది. రోమో దాన్ని పట్టుకుని పరుగు లంకించుకున్నాడు, గోలు గీతకు కొద్ది దూరంలో పడగొట్టారు. గ్రమాటికా బంతిని తాకనేలేదు. ఇప్పుడు చాలా జట్లలో ఆ పని పంటర్‌కు, అంటే బంతిని చేతిలోంచి వదిలి దూరంగా తన్నే ఆటగాడికి, అప్పజెప్పడం మీరు గమనించవచ్చు. వారమంతా కిక్కర్ పక్కనే ఉండి సాధన చేసేది అతనే కదా.

ఇక మీ ఆఫీసువాళ్ల గాయం. 2016 జనవరి 10, మీ ఊరి జట్టు మిన్నెసోటా వైకింగ్స్, సియాటిల్ సీహాక్స్ మధ్య ప్లేఆఫ్ ఆట. వైకింగ్స్ దశాబ్దాల పాటు కప్పు కింద, మెట్రోడోమ్‌లో ఆడారు. ఇప్పుడున్న యూఎస్ బ్యాంక్ స్టేడియం కూడా కప్పు ఉన్నదే. ఒకదాన్ని పడగొట్టి ఇంకోటి కడుతున్న రెండు సీజన్లు మాత్రం యూనివర్సిటీ వాళ్ల బయలు మైదానంలో ఆడారు. ఆ కిక్కు సరిగ్గా ఆ రెండేళ్ల సందులో పడింది. ఆట మొదలయ్యేసరికి మైనస్ 21 డిగ్రీల సెల్సియస్, దాని మీద గాలి. మీకు ఇక్కడ ఇంకా ఒక్క జనవరి కూడా గడవలేదు కాబట్టి చెబుతున్నాను: ఆ చలిలో బంతిలో గాలి ఒత్తిడి తగ్గుతుంది, తోలు బిగుసుకుంటుంది, కాలికి తగిలితే ఎగరాలన్న ఉత్సాహం దానిలో ఉండదు. మా పిల్లలు నవంబరు ఆటల్లో ఆ చలిలో పావు వంతు రుచి చూస్తేనే మర్నాడు కాలివేళ్లు వాచి వస్తారు.

నాలుగో క్వార్టర్ మొదలయ్యేసరికి వైకింగ్స్ 9-0తో ముందున్నారు. ఆ తొమ్మిదీ కిక్కర్ బ్లెయర్ వాల్ష్ కొట్టిన మూడు ఫీల్డ్ గోల్స్, అంటే ఒక్కోటి మూడు పాయింట్ల కిక్కులు. 22 గజాలు, 43, 47. ఇది మీ ఆఫీసువాళ్లను అడిగి చూడండి, సగం మందికి గుర్తుండదు. ఆ తర్వాత సీహాక్స్ క్వార్టర్‌బ్యాక్ రస్సెల్ విల్సన్ చేతికి అందకుండా వెనక్కు పోయిన బంతిని అతనే వెంటాడి పట్టుకుని, టైలర్ లాకెట్‌కు విసిరితే 35 గజాలు వచ్చాయి. దాని వెంటే టచ్‌డౌన్. ఆపైన వైకింగ్స్ ఆటగాడు ఏడ్రియన్ పీటర్సన్ చేతిలోంచి బంతి ఊడిపోయింది, సీహాక్స్ దాన్ని 46 గజాల ఫీల్డ్ గోల్‌గా మార్చుకున్నారు. 10-9. అక్కడి నుంచి వైకింగ్స్ మళ్లీ మైదానం దాటి, 9 గజాల గీత దాకా వచ్చి, గడియారంలో అరనిమిషం కూడా లేకుండా చేసి వాల్ష్‌ను పిలిచారు.

బంతి ఎడమ స్తంభానికి ఎడమ పక్కగా పోయింది.

ఫొటోలు చూస్తే లేసులు వాల్ష్ వైపుకే తిరిగి ఉన్నాయి, గోలు వైపుకు కాదు. అదొక కారణమని చాలామంది అన్నారు. వాల్ష్ మాత్రం లాకర్ గదిలో విలేకరులకు ముఖం చాటేయకుండా, లేసులను గానీ చలిని గానీ సాకుగా చూపకుండా, తప్పు తనదేనన్నాడు. కోచ్ మైక్ జిమ్మర్ కూడా అది కొట్టి తీరవలసిన కిక్కేనని ఉన్నమాట అన్నాడు. నేను ఆ కిక్కును మా పిల్లలకు నెమ్మదిగా తిప్పి చాలాసార్లు చూపించాను. నా ఉద్దేశంలో లేసులు దోహదం చేశాయి కానీ అవే తప్పించలేదు. వాల్ష్ చెప్పింది మర్యాద కోసం చెప్పిన మాట కాదు, పనివాడు తన పనిని చూసి చెప్పిన నిజం. కాలు అడ్డంగా వచ్చింది.

దీన్ని కొంచెం వివరించాలి. కుడికాలి కిక్కర్ ఎడమ వైపు నుంచి ఏటవాలుగా పరుగెత్తుకొస్తాడు. ఎడమ పాదం బంతి పక్కన పాతుకుంటుంది, నడుము తిరుగుతుంది, ఆ వెంట కుడికాలు వస్తుంది. పూర్తి బలంతో కొట్టినప్పుడు కాలు బంతిని దాటి గోలు వైపుకు సాగిపోతుంది. "దగ్గరే కదా, బలం ఎందుకు, జాగ్రత్తగా పెడదాం" అనుకున్న మరుక్షణం నడుము సగంలో ఆగిపోతుంది, కాలు ఒంటికి అడ్డంగా చుట్టుకుంటుంది. బంతి ఎడమకు పోతుంది. దూరపు కిక్కులో దీనికి తలకిందులు. 1991 జనవరి 27న సూపర్‌బౌల్‌లో, అంటే లీగ్ ఫైనల్‌లో, బఫెలో బిల్స్ కిక్కర్ స్కాట్ నార్వుడ్ 47 గజాల నుంచి కొట్టింది కుడి పక్కగా పోయింది, జట్టు 20-19తో ఓడింది. సహజమైన గడ్డి మీద ఆ దూరం ఆ రోజుల్లో ఏ రకంగానూ చిన్నది కాదు. గట్టిగా తగిలించాలన్న ధ్యాసలో నడుము సరిపడా రాలేదని అతనే తర్వాత చెప్పాడు. చాలేట్టు కొడదామని కుడికి, జాగ్రత్తగా కొడదామని ఎడమకు. ఇది శిలాశాసనం కాదు, అన్ని కిక్కులకూ వర్తించదు. నా మైదానంలో మాత్రం కుడికాలి పిల్లలు దగ్గరివి తప్పిస్తే ఎక్కువగా ఎడమకే తప్పిస్తారు.

మా దగ్గర ఒకమ్మాయి ఉండేది, సాకర్ జట్టు నుంచి వచ్చింది. నలభై గజాలు దాటినా చక్కగా కొట్టేది. ఎక్స్‌ట్రా పాయింట్లు మాత్రం ఎడమ స్తంభాన్ని ఒరుసుకుంటూ పోయేవి. నేను ఆమె పాదాన్ని సరిచేయలేదు, పరుగును సరిచేయలేదు. స్తంభాల వెనక ఉన్న స్కోరుబోర్డు మీద ఒక అక్షరం చూపించి, బంతి దానికి తగలాలి అన్నాను. స్తంభాల మధ్య ఎక్కడో ఒక చోట పడితే చాలనుకుంటే కాలు మెత్తబడుతుంది. చిన్న అక్షరాన్ని కొట్టాలంటే కాలు పూర్తిగా రాక తప్పదు. రెండు వారాల్లో కుదిరింది.

తొందర అన్నది వేరే జబ్బు. దానికి ఉదాహరణ 2012 జనవరి 22, బాల్టిమోర్ రేవెన్స్, న్యూ ఇంగ్లండ్ పేట్రియట్స్ ఆట. గెలిచినవాళ్లు సూపర్‌బౌల్‌కు వెళ్తారు. పేట్రియట్స్ 23-20తో ముందున్నారు. చివరి క్షణాల్లో రేవెన్స్ ఆటగాడు లీ ఎవాన్స్ చేతుల్లో టచ్‌డౌన్ బంతి పడింది, స్టెర్లింగ్ మూర్ దాన్ని ఊడగొట్టాడు. తర్వాతి ప్రయత్నమూ వృథా అయింది. మిగిలింది 32 గజాల కిక్కు. కొడితే స్కోరు సమమై అదనపు సమయం.

కిక్కర్ బిల్లీ కండిఫ్ అనామకుడు కాదు, అంతకు ముందటి సీజన్‌లో ప్రో బౌల్‌కు, అంటే మేటి ఆటగాళ్ల ఆటకు, ఎంపికైనవాడు. కిక్కర్లు పక్కన నిలబడి నాలుగు ప్రయత్నాల్లో, అంటే డౌన్‌లలో, ఒక్కోదానికి ఒక్కో పని పెట్టుకుంటారు. మొదటిదానికి కాలు సాగదీస్తారు, రెండోదానికి వలలోకి ఒకటి తన్నుతారు, మూడోదానికి హెల్మెట్ పెట్టుకుని కోచ్ పక్కకు చేరతారు. ఆ రోజు స్కోరుబోర్డు ఒక డౌన్ వెనకబడి ఉందనీ, అందుకే తనకింకా సమయం ఉందనుకున్నాననీ కండిఫ్ తర్వాత చెప్పాడు. పిలుపు వినబడేసరికి పరుగెత్తుకుంటూ రావలసి వచ్చింది. చోటు చూసుకోవడం, అడుగులు కొలుచుకోవడం, ఊపిరి పీల్చుకోవడం, అన్నీ గబగబా. కోచ్ జాన్ హార్బా చేతిలో ఒక టైమ్‌అవుట్ మిగిలే ఉంది, వాడలేదు. బంతి ఎడమ పక్కగా పోయింది. నన్నడిగితే ఆ ఓటమిలో పెద్ద వాటా ఆ వాడని టైమ్‌అవుట్‌ది. ముప్పై సెకన్లు దొరికి ఉంటే కండిఫ్ కొట్టేవాడని నేను పందెం కాయగలను, మీరు ఒప్పుకోకపోయినా సరే.

ఆ ఆగస్టులో రేవెన్స్ అతన్ని వదిలేసి, కొత్త ఆటగాళ్లను పంచుకునే డ్రాఫ్ట్‌లో ఏ జట్టూ తీసుకోని జస్టిన్ టకర్ అనే కొత్త కుర్రాణ్ణి ఉంచుకున్నారు. ఆ సీజన్ ప్లేఆఫ్‌లో డెన్వర్ చలిలో, రెండో అదనపు సమయంలో 47 గజాల కిక్కుతో ఆ కుర్రాడు గెలిపించాడు. రేవెన్స్ సూపర్‌బౌల్ కూడా గెలిచారు. కండిఫ్‌కు ఇది చూడడం ఎలా ఉండి ఉంటుందో నేను ఊహించదలచుకోలేదు.

చలీ తొందరా రెండూ లేకపోయినా తప్పుతుందనడానికి మళ్లీ మీ ఊరికే రావాలి. 1998 సీజన్‌లో వైకింగ్స్ 15 గెలిచి ఒక్కటే ఓడారు. కిక్కర్ గ్యారీ ఆండర్సన్ ఆ ఏడాది 35 ఫీల్డ్ గోల్స్‌కు 35 కొట్టాడు, ఎక్స్‌ట్రా పాయింట్లు ఒక్కటీ వదల్లేదు. అంతకు ముందు అలాంటి సీజన్ ఏ కిక్కరూ చూడలేదు. 1999 జనవరి 17న అట్లాంటా ఫాల్కన్స్ మీద, కప్పు కింద, గాలి లేని చోట, రెండు నిమిషాలు మిగిలి ఉండగా నలభై గజాల లోపు కిక్కు వచ్చింది. అది పడితే పది పాయింట్ల ఆధిక్యం, ఆట ముగిసినట్టే. కొంచెం ఎడమకు పోయింది. ఫాల్కన్స్ స్కోరు సమం చేసి, అదనపు సమయంలో మోర్టెన్ ఆండర్సన్ 38 గజాల కిక్కుతో 30-27తో గెలిచారు. దీనికి నా దగ్గర సాంకేతిక వివరణ ఏదీ లేదు. వంద శాతం కొట్టే మనిషి ఉండడు, అతని తప్పు ఎప్పుడు రావాలో అప్పుడే వచ్చింది, అంతే.

ఇప్పుడు మీకు అర్థమై ఉంటుంది, మీ ఆఫీసువాళ్ల బాధ 27 గజాలది మాత్రమే కాదని. ఈ జట్టు నాలుగు సూపర్‌బౌల్స్ ఆడి నాలుగూ ఓడింది. ఆ పైన ఆండర్సన్. ఆ పైన వాల్ష్. తండ్రి ఒక కిక్కు చూశాడు, కొడుకు ఇంకొకటి చూశాడు. వాళ్ల ముందు "ఆటే కదా" అని మాత్రం అనకండి. క్రికెట్‌లో మనకు ఎవరైనా ఆ మాట అంటే ఎలా ఉంటుందో మీకు తెలుసు.

ఇంకా రెండు మూడు పేర్లు గబగబా. 1996 జనవరిలో కాన్సాస్ సిటీ చీఫ్స్ తరఫున లిన్ ఇలియట్ ఒకే ఆటలో 35, 39, 42 గజాలవి తప్పించాడు, 13 ఆటలు గెలిచి వచ్చిన జట్టు 10-7తో ఇంటికి పోయింది. 2019 జనవరిలో షికాగో బేర్స్ కిక్కర్ కోడీ పార్కీ 43 గజాలది స్తంభానికీ అడ్డపట్టీకీ కొట్టుకుని బయటపడిందని అందరూ నవ్వుకున్నారు. నిజానికి అది చిన్నదీ కాదు, పూర్తిగా అతని తప్పూ కాదు. ఎదుటివాడి చేయి బంతికి తగిలింది, లీగ్ దాన్ని మర్నాడు అడ్డుకున్న కిక్కుగా నమోదు చేసింది.

ఒక్క యాన్ స్టెనరుడ్ గురించి మాత్రం ఆగి చెప్పాలి. 1971 క్రిస్మస్ రోజు, చీఫ్స్, మయామి డాల్ఫిన్స్ ఆట. స్కోరు 24-24, ముప్పై అయిదు సెకన్లు ఉన్నాయి, 31 గజాల కిక్కు. తప్పింది. ఆట రెండో అదనపు సమయం దాకా సాగింది. మొత్తం 82 నిమిషాల 40 సెకన్ల ఆట తర్వాత డాల్ఫిన్స్ కిక్కర్ గారో యెప్రీమియన్ 37 గజాల నుంచి కొట్టి గెలిపించాడు. ఆ స్టెనరుడే ఆ తర్వాత ఎన్నో ఏళ్లు ఆడి, 1991లో హాల్ ఆఫ్ ఫేమ్‌లోకి వెళ్లాడు. కిక్కు తప్ప ఇంకే పనీ చేయని ఆటగాళ్లలో ఆ గౌరవం దక్కిన మొదటివాడు అతనే.

అందరికీ అలా జరగదు. వాల్ష్‌ను 2016 నవంబరులో వైకింగ్స్ వదిలేశారు. ఆ తర్వాతి సీజన్ అతను ఆడింది, చూడండి విచిత్రం, సియాటిల్‌కే. అయితే ఆ కిక్కు తప్పిన వారంలో బ్లేన్ అనే ఊళ్లో ఒకటో తరగతి పిల్లలు అతనికి ఉత్తరాలు రాశారు, బొమ్మలు గీసి పంపారు. అతను వెళ్లి ఆ పిల్లలను కలిశాడు. బఫెలోలో నార్వుడ్‌కు ఇంకా పెద్ద ఓదార్పు దొరికింది. ఓడి వచ్చిన మర్నాడు ఊరి కూడలిలో గుమిగూడిన వేలమంది అతని పేరు పిలిచి ముందుకు రప్పించారు.

మీ అబ్బాయి విషయం. హైస్కూలులో స్తంభాల మధ్య దూరం 23 అడుగుల 4 అంగుళాలు, పెద్దవాళ్ల కన్నా దాదాపు అయిదు అడుగులు ఎక్కువ. బంతిని చిన్న రబ్బరు దిమ్మ మీద పెట్టి కొట్టనిస్తారు. కాబట్టి సాకర్ ఆడిన పిల్లవాడికి మొదట్లో అంతా తేలికగానే కనిపిస్తుంది. ఇబ్బంది ఒక్కటే. ఇక్కడ బంతిని పక్క గీతల దగ్గర పెట్టే చోటు, పెద్దవాళ్ల ఆటలో కన్నా చాలా ఎక్కువగా పక్కకు ఉంటుంది. దూరం తగ్గే కొద్దీ ఆ ఏటవాలు ఇంకా ఇబ్బంది పెడుతుంది. పిల్లలు స్తంభాల నడిమికి కాకుండా తమకు ఎదురుగా ఉన్న దిక్కుకు కొట్టేస్తారు. అది సాధనతో పోతుంది.

భారం సంగతికి వస్తే, మా జట్టు ఒక ప్లేఆఫ్ ఆటలో 24 గజాల కిక్కు తప్పి ఓడిపోయింది. స్నాప్ కిందికి వచ్చింది, హోల్డర్ కుర్రాడు నేల మీంచి ఎత్తి పెట్టేసరికి కిక్కర్ అడుగు తడబడింది. ఆ రాత్రి అందరూ కిక్కర్ చుట్టూ చేరి భుజం తట్టారు. వాడు మూడో రోజుకే మామూలుగా అయిపోయాడు, ఆ వారాంతానికి అదే చోటు నుంచి వరసగా కొడుతున్నాడు. హోల్డర్ కుర్రాణ్ణి ఎవరూ పలకరించలేదు. వాడు మాత్రం చలికాలమంతా ముభావంగా ఉన్నాడు. అప్పటి నుంచి మా దగ్గర ముగ్గురూ కలిసే సాధన చేస్తారు, ముగ్గురి పేర్లూ కలిపే పిలుస్తాను. ప్రాక్టీసు చివర, అందరూ అలసిపోయి ఉన్నప్పుడు, చెప్పాపెట్టకుండా కేకవేస్తాను. పక్క గీత నుంచి పరుగెత్తుకొచ్చి పదిహేను సెకన్లలో కొట్టాలి. తప్పితే శిక్ష లేదు, ఇంకోసారి కొట్టాలి, అంతే.

నా షరతు ఇదే. వాడు ఒంటరిగా కిక్కు నేర్చుకోకూడదు. బంతిని నిలబెట్టే ఇనుప స్టాండ్లు దుకాణాల్లో దొరుకుతాయి, కొనండి, పనికొస్తాయి. కానీ స్టాండు చేతిలోంచి బంతి ఎప్పుడూ జారదు, లేసులు ఎప్పుడూ తప్పు వైపుకు తిరగవు. దానితోనే అలవాటుపడితే మొదటి ఆటలోనే కంగారు పడతాడు. బంతి విసిరేవాణ్ణి, పట్టేవాణ్ణి ఇద్దరు స్నేహితులను ఇప్పుడే చూసుకోమనండి. ఇక్కడ ప్రాక్టీసు ఆగస్టు మధ్యలో మొదలవుతుంది, సమయం చాలానే ఉంది. బూట్లు కొత్తవి కొనకండి, సాకర్‌వే చాలు. స్నేహితులు దొరికేదాకా మీరే బంతి పట్టవచ్చు, చూపుడు వేలితో పై మొనను మెల్లగా నొక్కితే చాలు. వాడి బూటు మీ వేళ్లకు తగలదని మాత్రం మొదటి వారం హామీ ఇవ్వలేను.